ఫార్మాట్ కొట్టేశా అంటే చాలదు మహాశయా!

లైనక్సు మీద ఓ రాయి విసరాలనుకున్నప్పుడు మనవాళ్ళకి ఎప్పుడూ చేతికందే రాయి ఒకటుంది. "విండోసులో అయితే రైట్ క్లిక్కు, ఫార్మాటు, ఓకే. అంతే. మీ లైనక్సులో ఎల్ఎస్ బీఎల్‌కే అంట, యూమౌంట్ అంట, ఎంకేఎఫ్ఎస్ అంట! ఒక పెన్ డ్రైవు ఫార్మాట్ చెయ్యడానికి ఇంత తతంగమా?" ఈ మాట కొత్తగా కంప్యూటరు కొన్న మా బాబాయి అంటే నవ్వి ఊరుకుందును. కానీ అనేదెవరనుకున్నారు? పదిహేనేళ్ళ అనుభవం అని రెజ్యూమెలో రాసుకుని, పొద్దున్న లేస్తే క్లౌడూ కంటెయినర్లూ అని వల్లించే మన సాఫ్ట్‌వేరు సోదరులే.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం. ఫార్మాటు అనేది ఒక పని కాదు. ఆ ఒక్క మాట వెనకాల నాలుగు వేరువేరు పనులున్నాయి. విండోసు వాడి బటను వాటిల్లో ఒకటి చేసి, నాలుగూ చేసేసినట్టు మొహం పెడుతుంది. లైనక్సు ఆ నాలుగింటినీ విడివిడిగా తెచ్చి మన ముందు పెడుతుంది. దాన్ని తతంగం అనే హక్కు మామూలు జనానికి ఉంది, మనకి లేదు. ఎందుకంటే చుట్టాలందరి పెన్ డ్రైవులూ చివరికి వచ్చిపడేది మన చేతిలోనే. "నువ్వు సాఫ్ట్‌వేరేగా, ఇందులోవన్నీ తీసేసి ఇవ్వు నాయనా" అంటారు. మనం "కొట్టేశా అత్తయ్యా" అంటే, పాపం ఆవిడ నిజంగానే అన్నీ పోయాయనుకుంటుంది.

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకి జావా తర్వాత బాగా తెలిసిన సబ్జెక్టు ప్లాట్లు కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. పెన్ డ్రైవు అంటే నేల. దాన్లో హద్దురాళ్ళు పాతి లేఔటు గియ్యడం పార్టిషను టేబులు. ఏ ముక్కలో ఎవరున్నారో రాసుకునే పహాణీ (గుంటూరు వైపు వాళ్ళకి అడంగలు) ఫైల్ సిస్టం. అక్కడ కట్టిన ఇళ్ళు మీ ఫైళ్ళు. ఇప్పుడు లెక్క పెట్టండి. అసలు నేను నిలబడ్డ నేల నాదా, పక్కవాడిదా అని చూసుకోవడం ఒక పని. లేఔటు మార్చడం రెండో పని. కొత్త పహాణీ రాయడం మూడోది. పాత ఇళ్ళు పడగొట్టడం నాలుగోది. మనవాళ్ళు మురిసిపోయే ఆ క్విక్ ఫార్మాటు చేసేది మూడోదొక్కటే. పాత పుస్తకం పక్కన పడేసి ఖాళీ పుస్తకం పెడుతుంది. ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, లోపల జనం కూడా ఉన్నారు, రికార్డులో మాత్రం బీడు భూమి!

దీన్లోంచి పుట్టిన మొదటి అపనింద ఏంటంటే, "లైనక్సు వేశాక నా పెన్ డ్రైవు చచ్చిపోయింది". ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మొన్నామధ్య మా ఆఫీసులో ఓ కుర్రాడు 32 జీబీ డ్రైవులోకి ఉబుంటు ఎక్కించి, లాప్‌టాపులో వేసుకుని, పనైపోయాక ఆ డ్రైవుని విండోసులో పెట్టాడు. నాలుగైదు ఎంబీల డ్రైవు ఒకటి కనిపించింది. రైట్ క్లిక్కు, ఫార్మాటు, ఓకే. విజయవంతంగా ఫార్మాటు అయింది, మళ్ళీ నాలుగైదు ఎంబీలే! మూడుసార్లు కొట్టి, లైనక్సుని నాలుగు తిట్టి, డ్రైవుని చెత్తబుట్టలో వెయ్యబోతుంటే ఆపాను.

జరిగింది ఇదీ. ఈ మధ్య వచ్చే ఐఎస్ఓ ఫైళ్ళు చాలావరకు హైబ్రిడ్డువి. అంటే ఆ ఫైల్లో సీడీకి కావల్సిన ఫైల్ సిస్టమూ ఉంటుంది, డిస్కుకి కావల్సిన పార్టిషను టేబులూ ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు డ్రైవులోకి దింపితే ఆ లేఔటు మొత్తం వచ్చి కూర్చుంటుంది. బూటు అవ్వడం కోసం పెట్టుకున్న చిన్న ఈఎఫ్ఐ ముక్క ఒకటి దాన్లో భాగం. విండోసు తనకి అర్థమైన ఆ చిన్న ముక్కకి ఓ అక్షరం తగిలించి చూపిస్తుంది. ఫార్మాటు బటనుకి హద్దురాళ్ళ జోలికి వెళ్ళే పనే తెలీదు, తనకి చూపించిన గుంట నేలకి పహాణీ రాసి చేతులు దులుపుకుంటుంది. 32 జీబీలూ అక్కడే ఉన్నాయి, లేఔటు మార్చే బటనే అక్కడ లేదు. లైనక్సులో వైప్‌ఎఫ్ఎస్ అని ఒక్క కమాండు కొడితే పాత లేఔటు గుర్తులు పోతాయి, కొత్తది గీసుకోవచ్చు. విండోసులోనూ దారి ఉంది, కాకపోతే అది డిస్క్‌పార్ట్ అని నల్ల తెర తెరిచి, సెలెక్ట్ డిస్క్ అని నంబరిచ్చి, క్లీన్ అని కొట్టడం. ఏదీ, మూడు క్లిక్కులేవి మరి? ఆ నల్ల తెరలో తప్పు డిస్కు నంబరు కొడితే ఏమవుతుందో డీడీ వాడే లైనక్సు వాళ్ళని అడగండి, చెప్తారు.

ఇంతకీ మీరు నెత్తిన పెట్టుకునే ఆ ఫార్మాటు బాక్సు పుట్టుక కథ తెలుసా? దాన్ని రాసినాయన డేవ్ ప్లమ్మర్, అప్పట్లో మైక్రోసాఫ్టులో పనిచేసేవాడు. 2024లో ఆయనే ట్విట్టరులో చెప్పుకొచ్చాడు. 1994 చివర్లో, ఓ వాన కురిసే గురువారం పొద్దున, విండోస్ 95 తెరల్ని ఎన్‌టీకి మోసుకెళ్ళే పనిలో ఉండగా, తర్వాత ఎవరో మంచిది చేస్తార్లే అనుకుని తాత్కాలికంగా పేర్చి పెట్టిన బాక్సు అది. ఆ మంచిది ఇప్పటిదాకా రాలేదు. అదే పొద్దున, క్లస్టరు ఎంత పెద్దదైతే ఎంత చోటు వృథా అవుతుందని లెక్కేసుకుని, ఫ్యాట్ ఫార్మాటుకి 32 జీబీ అని ఓ హద్దు పెట్టాడాయన. అది కూడా తోచినట్టు పెట్టిందే అని ఆయన మాటే. ఆ పొద్దున తోచిన అంకె పాతికేళ్ళు దాటి ప్రపంచాన్నంతా ఏలింది.

ఫ్యాట్32 కి స్వతహాగా 32 జీబీ హద్దేమీ లేదు. 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాకా పోతుంది. అంతకంటే పెద్ద డ్రైవుని లైనక్సులో ఫ్యాట్32గా చేసి విండోసులో పెడితే చక్కగా చదువుతుంది, రాస్తుంది. చెయ్యనివ్వనిది ఆ బాక్సొక్కటే. 2024 ఆగస్టులో విండోస్ 11 ప్రయోగాత్మక బిల్డులో ఈ హద్దుని 2 టీబీకి పెంచారు, అదీ కమాండు లైనులో! కమాండు లైను అంటే తతంగం అన్నవాళ్ళు ఆ రోజు ఎక్కడికెళ్ళారో మరి :-)

ఫ్యాట్32 కి ఉన్న అసలు హద్దు వేరే. ఒక ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకానే ఉండొచ్చు, 32 బిట్లలో సైజు రాస్తుంది కాబట్టి. పెళ్ళి వీడియో ఎక్కించబోతే "చోటు చాలదు" అని వచ్చేది ఇందుకే. డ్రైవులో 20 జీబీ ఖాళీ కనబడుతూనే ఉంటుంది, వీడియో మాత్రం ఎక్కదు. అప్పుడు ఎవరో ఎక్సుఫ్యాటు చెయ్యమంటారు. ఇక్కడ రెండో అపనింద మొదలవుతుంది: "లైనక్సులో ఎక్సుఫ్యాటు సరిగ్గా పనిచెయ్యదు".

ఈ విషయంలో నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది. ఎక్సుఫ్యాటుని మైక్రోసాఫ్టు 2006లో విండోస్ సీఈతో తెచ్చింది, 2008లో విస్టా సర్వీసు ప్యాకుతో మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. 2009లో ఎస్‌డీ కార్డుల సంఘం వాళ్ళు ఎస్‌డీఎక్సుసీ ప్రమాణం ప్రకటిస్తూ ఇదే వాడాలన్నారు. అంటే మీరు కొన్న పెద్ద కెమెరా కార్డుల్లో ఎక్సుఫ్యాటే ఉంటుంది. మరి దాని వివరాలు? లైసెన్సు కొనుక్కున్నవాళ్ళకే. పేటెంట్లు మైక్రోసాఫ్టువి. అది ఒట్టి బెదిరింపు కూడా కాదు. 2009 ఫిబ్రవరిలో టామ్‌టామ్ అనే జీపీఎస్ కంపెనీ మీద కేసు వేశారు. అందులో కొన్ని పేటెంట్లు ఫ్యాట్‌లో పొడుగు పేర్లు రాసే పద్ధతి మీదవే. నెల దాటగానే టామ్‌టామ్ డబ్బులు కట్టి రాజీకొచ్చింది, ఆ పద్ధతిని రెండేళ్ళలో తీసేస్తామని ఒప్పుకుంది. పొడుగు పేరు రాసుకున్నందుకు కోర్టు! ఇది చూశాక ఏ డిస్ట్రో వాడు మాత్రం ఎక్సుఫ్యాటుని ధైర్యంగా కెర్నెల్లో పెట్టుకుంటాడు? ఫ్యూజు మీద నడిచే డ్రైవరు ఒకటి వేరే ప్యాకేజీగా దొరికేది, తెలిసినవాడు వేసుకునేవాడు. తెలియనివాడు కార్డు పెట్టి, తెరుచుకోక, లైనక్సుని తిట్టేవాడు. తాళం వేసినవాడు హాయిగా ఉన్నాడు, తలుపు దగ్గర నిలబడ్డవాడికి తిట్లు.

చివరికి 2019 ఆగస్టులో మైక్రోసాఫ్టే స్పెసిఫికేషను బయటపెట్టి, లైనక్సులో పెట్టుకోండి, మేం అడ్డు రాము అంది. అదే నవంబరులో వచ్చిన కెర్నెల్ 5.4లో డ్రైవరు చేరింది, 2020 మేలో 5.7లో శాంసంగు వాళ్ళు రాసిన మెరుగైనది దాని స్థానంలోకి వచ్చింది. అంటే అడ్డు తొలిగిన మూడు నెలల్లో పని మొదలైంది. మరి 2008 నుంచి 2019 దాకా పదకొండేళ్ళు ఆగింది ఇంజనీరింగు చేతకాకనా? ఇవాళ ఏ కొత్త డిస్ట్రోలోనైనా ఎక్సుఫ్యాటు డ్రైవు పెట్టగానే తెరుచుకుంటుంది. ఇంకా పాత పాటే పాడేవాళ్ళు ఒక్కసారి పెట్టి చూడండి.

సరే, లైనక్సుని వెనకేసుకొస్తున్నాను కదా అని దాని తప్పులు దాచను. నిజంగా తిట్టాల్సింది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ సరిగ్గా తిట్టరు. కాపీ అయిపోయిందని చెప్పి అవ్వకపోవడం. 3 జీబీ సినిమా ఫైలు డ్రైవులోకి లాగితే గీత గబగబా చివరిదాకా వెళ్ళిపోతుంది. ఆహా ఏం వేగం అనుకుంటారు. ఆ ఫైలు వెళ్ళింది డ్రైవులోకి కాదు, ర్యామ్‌లోకి. ఇంకా రాయాల్సిన డేటా ఖాళీ మెమొరీలో 20 శాతం దాకా పోగుపడొచ్చని కెర్నెల్లో డిఫాల్టు. మెమొరీ మెగాబైట్లలో ఉన్న రోజుల్లో అది చిల్లర. 16 జీబీ మెషీనులో సుమారు 3 జీబీ. సెకనుకి 10 ఎంబీ రాసే చవక డ్రైవు అయితే అది లోపలికి దిగడానికి ఐదు నిమిషాలు. ఈలోపు మీరు పీకేసి కారులో పెట్టారు, సినిమా సగమే ఉంది. 2013లోనే కెర్నెల్ మెయిలింగు లిస్టులో దీని మీద పెద్ద చర్చ జరిగింది, ఈ డిఫాల్టు నేటి మెషీన్లకి తగదని లైనస్ కూడా ఒప్పుకున్నాడు. అయినా ఆ 20 ఇంకా 20గానే ఉంది. విండోసు వాడు 2018లో వెర్షన్ 1809 నుంచి పెన్ డ్రైవులకి ఎప్పుడైనా పీకెయ్యదగ్గ పద్ధతినే డిఫాల్టు చేశాడు. ఈ ఒక్క విషయంలో వాడికి దణ్ణం పెట్టాలి. మనం మాత్రం సింక్ అని కొట్టి, ప్రాంప్టు తిరిగొచ్చేదాకా ఆగి, అన్‌మౌంట్ చేసి అప్పుడు పీకాలి.

రెండో తప్పు మన భాషకి సంబంధించింది. ఫ్యాట్‌లో పొడుగు పేర్లు యూటీఎఫ్-16లో ఉంటాయి, తెలుగు పేర్లు అందులో బ్రహ్మాండంగా పడతాయి. కానీ కొన్ని డిస్ట్రోల్లో చేత్తో మౌంట్ చేసి, యూటీఎఫ్8 అనే ఆప్షను ఇవ్వకపోతే ఘంటసాల పాటలన్నీ ప్రశ్నార్థకాల వరసల్లా కనిపిస్తాయి. డెస్కుటాపు దానంతటదే మౌంట్ చేస్తే ఈ గొడవ ఉండదు. డ్రైవు కరప్టు అయిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టినవాళ్ళని నేనెరుగుదును. ఆ ప్రశ్నార్థకాల వెనకాల పేర్లు శుభ్రంగానే ఉంటాయి నాయనా, కొట్టకండి.

ఇప్పుడు ట్యుటోరియళ్ళు రాసే మహానుభావుల దగ్గరికి వద్దాం. పెన్ డ్రైవు గురించి లైనక్సుకి వచ్చిన చెడ్డపేరులో సగం వీళ్ళ పుణ్యమే. "ఈ కమాండు కాపీ చేసి పేస్టు చెయ్యండి" అని రాసి, అందులో ఎస్‌డీబీ అని కళ్ళు మూసుకుని పెట్టేస్తారు. వాళ్ళు రాసిన రోజున వాళ్ళ మెషీన్లో లోపలి డిస్కు ఎస్‌డీఏ, పెన్ డ్రైవు ఎస్‌డీబీ. ఇవాళ చాలా లాప్‌టాపుల్లో లోపలిది ఎన్‌వీఎంఈ, దాని పేరే వేరు. కాబట్టి పెన్ డ్రైవే ఎస్‌డీఏ అవుతుంది. అలాంటి లాప్‌టాపున్నవాడు ఎస్‌డీఏ అని పెట్టి ట్యుటోరియలు రాస్తే, సాటా డిస్కున్న పాత డెస్కుటాపువాడు దాన్ని కాపీ కొడితే... ఆ కొట్టేది డీడీ అయితే ఇంక చెప్పేదేముంది. బ్యాంకులో డీడీ తీస్తే డబ్బు మన ఖాతాలోంచి పోయినట్టే, ఇక్కడ డీడీ కొడితే ఖాతాయే పోతుంది. అది "ఖాయమేనా?" అని అడగదు. అడగదని దాన్ని తిట్టడం అనవసరం, అలా చెయ్యడానికే దాన్ని రాశారు. మొదటి పని, అంటే ఈ నేల నాదేనా అని చూసుకోవడం, నేర్పకుండా నాలుగో పని నేర్పినవాడిది తప్పు.

చూసుకోవడం ఎంతసేపు? డ్రైవు పెట్టక ముందు ఒకసారి ఎల్ఎస్ బీఎల్‌కే, పెట్టాక ఒకసారి. కొత్తగా వచ్చిన వరస ఏదో అదే మీ డ్రైవు. నమ్మకం చాలకపోతే పేరు, సైజు, మోడలు, ట్రాన్ అని నాలుగు కాలమ్స్ అడగండి. ట్రాన్ కింద యూఎస్‌బీ అని ఉంటుంది, మోడలు కింద తయారీదారు పేరుంటుంది. 32 జీబీ డ్రైవు 29 చిల్లర అని కనిపిస్తే మోసపోయామనుకోకండి, డబ్బా మీద వెయ్యితో లెక్క, ఇక్కడ 1024తో లెక్క. రీబూటు చేస్తే ఈ అక్షరాలు మారొచ్చు కాబట్టి, నిన్న ఎస్‌డీబీ కదా అని ఇవాళ గుడ్డిగా కొట్టకూడదు.

తర్వాత మౌంటు అయిన ముక్కలన్నీ అన్‌మౌంట్ చేసి, వైప్‌ఎఫ్ఎస్‌తో పాత గుర్తులు తీసి, పార్టెడ్‌తో కొత్త టేబులు రాయాలి. ఇక్కడ ఒక మాట. కారు స్టీరియోలూ, పాత టీవీలూ చాలావరకు పాత ఎంఎస్-డాస్ టేబులు, దాని మీద ఫ్యాట్32, ఇదే జోడీని గుర్తుపడతాయి. జీపీటీ టేబులు రాసి ఇచ్చి "స్టీరియో పాడైంది" అని షోరూముకి పరిగెత్తినవాళ్ళున్నారు. ఎక్సుఫ్యాటు చెయ్యదలిస్తే పార్టెడ్‌లో ముక్క రకం ఎన్‌టీఎఫ్ఎస్ అని ఇవ్వండి, కంగారు పడకండి, రెండిటికీ టైపు నంబరు 7 ఒక్కటే. మొదటి ముక్క 1 ఎంఐబీ దగ్గర మొదలెట్టండి. ఆ పైన ఎంకేఎఫ్ఎస్, అయిపోయింది. ఐదు కమాండులు. ఏది ఎక్కడికి పెట్టాలంటే: కారుకీ, జిరాక్సు షాపుకీ ఫ్యాట్32. పెద్ద వీడియోలు, విండోసూ మ్యాకూ తిరగాలంటే ఎక్సుఫ్యాటు. మీ లైనక్సు మెషీన్ల మధ్యే తిరిగేదైతే ఈఎక్సుటీ4, కాకపోతే యూజరు ఐడీలు వేరైతే వేరే మెషీన్లో పర్మిషను డినైడ్ అంటుంది, అది తప్పు కాదు, దాని స్వభావం.

"ఇవన్నీ మా ఆవిడకి చెప్పమంటావా?" అని అడుగుతారు. అక్కర్లేదు. నోములో డిస్క్స్ అనే బొమ్మల పనిముట్టుంది, మౌసుతోనే అన్నీ అవుతాయి. కానీ అందులో కూడా చూడండి, "డిస్కు ఫార్మాటు" వేరు, "పార్టిషను ఫార్మాటు" వేరు, రెండూ విడివిడిగా ఉంటాయి. పాత డేటా మీద నిజంగా రాసెయ్యమంటారా అని ఎరేజ్ అనే మీట ఇంకోటుంది, ఎక్కువసేపు పడుతుందని కూడా పక్కనే చెప్తుంది. తెర బొమ్మలదైనా పనులు విడివిడిగా చూపించడం సాధ్యమేనన్న మాట. కమాండు వద్దు మౌసు కావాలన్నవాళ్ళతో నాకేం పేచీ లేదు. నాలుగు పనులూ ఒకటేనని నమ్మించే బటనుతోనే పేచీ.

ఆ నాలుగో పని సంగతి ఇంకా మిగిలి ఉంది. అసలు ప్రమాదం అక్కడే.

కొన్నాళ్ళ క్రితం అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటరు వాళ్ళు (పేరు అనవసరం) కోర్సు మెటీరియల్ అని నాకొక పెన్ డ్రైవు ఇచ్చారు. మూడు పీడీఎఫ్‌లు, మిగతాదంతా ఖాళీ. అనుమానమొచ్చి ఫోటోరెక్ నడిపించాను. అరగంటలో వందల కొద్దీ ఫైళ్ళు బయటపడ్డాయి. ఎవరెవరివో మార్కుల మెమోలు, పాస్‌పోర్టు స్కాన్లు, ఆధార్ కార్డులు, ఒక పెళ్ళికూతురి ఫోటోలు. ఫోన్ నంబర్లతో సహా. ఆ డ్రైవు అంతకు ముందు రిసెప్షనులో అడ్మిషన్ల కాయితాలు మోసినట్టుంది. వాళ్ళు తుడవలేదనడానికి లేదు, శుభ్రంగా ఫార్మాట్ కొట్టి మరీ ఇచ్చారు! ఫోన్ చేసి చెప్తే అవతలివాళ్ళ జవాబు: "ఫార్మాట్ చేశామండీ, అందులో ఏమీ ఉండదు." ఈ మాట అన్నది జావా నేర్పే మాస్టారు.

ఫోటోరెక్ ఏ మంత్రమూ వెయ్యదు. పహాణీని పట్టించుకోకుండా నేల మీద ఇల్లిల్లూ తిరుగుతుంది. జేపెగ్ ఫైలు ఫలానా బైట్లతో మొదలవుతుంది, పీడీఎఫ్ ఫలానా బైట్లతో మొదలవుతుంది అని తెలుసు దానికి, ఆ గుర్తులు కనిపించిన చోటల్లా తవ్వుకుంటుంది. ఫార్మాటు చెరిపింది పుస్తకాన్నే కాబట్టి ఇళ్ళన్నీ దొరుకుతాయి. లైనక్సులో ఎంకేఎఫ్ఎస్ చేసినా ఇదే కథ. వైప్‌ఎఫ్ఎస్ పేరులో వైప్ ఉంది గానీ అది తుడిచేది కొద్ది బైట్ల గుర్తులనే. తేడా ఏంటంటే ఇవేవీ చెరిపేశామని చెప్పుకోవు. విండోసులో క్విక్ ఫార్మాటు టిక్కు తీసేస్తే, విస్టా నుంచీ, డ్రైవంతా సున్నాలు రాస్తుంది. ఆ టిక్కు పెట్టే ఉంటుంది, ఎవరూ తియ్యరు, ఎందుకంటే తీస్తే మూడు సెకన్ల పని ముప్పావుగంట అవుతుంది. ఆ ముప్పావుగంటలోనే అసలు పని ఉంది.

సున్నాలు రాస్తే చాలా అంటే, చాలావరకు. ఫ్లాష్ మెమొరీలో మనం రాసిన చోటే రాయబడదు. సెల్స్ అరిగిపోకుండా లోపలి కంట్రోలరు చోట్లు మారుస్తూ ఉంటుంది, మనకి కనిపించని అదనపు బ్లాకులు కొన్ని దాచుకుంటుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 2011లో ఫ్లాషు చిప్పులు ఊడదీసి మరీ చూశారు. ఎస్ఎస్‌డీ మొత్తాన్ని రెండుసార్లు రాస్తే మామూలుగా పోతుంది గానీ ప్రతిసారీ కాదని తేల్చారు. ఇక ఒక్క ఫైలుని మాత్రమే ష్రెడ్ చెయ్యడం లాంటి హార్డ్ డిస్కు కాలం నాటి పద్ధతులేవీ ఫ్లాషు మీద పనిచెయ్యలేదు. కాబట్టి క్లయింటు డేటా మోసే డ్రైవుని మొదటి రోజే లక్సుతో ఎన్‌క్రిప్ట్ చేసి వాడాలి. క్రిప్ట్‌సెటప్‌తో రెండు కమాండులు. అప్పుడు వదిలించుకునే రోజున మిగిలేది చదవడానికి రాని చెత్త. విండోసులో తెరుచుకోదు నిజమే, క్లయింటు డేటా ఎవరి మెషీన్లో పడితే వాళ్ళ మెషీన్లో తెరుచుకోవడం మీకు కావాలా?

2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం చేసి, డేటాకి తగిన రక్షణ కల్పించని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా అని అందులో రాశారు. మీ కంపెనీలో దాని మీద పవర్ పాయింటు చూపించే ఉంటారు. ఆ ప్రెజెంటేషను వచ్చిన పెన్ డ్రైవు మీద కూడా ఒకసారి ఫోటోరెక్ నడిపించండి, కాలక్షేపంగా ఉంటుంది.

ఇక అత్తయ్య డ్రైవు సంగతి. ఎన్‌క్రిప్షను ముందే లేదు, ఇప్పుడు ఎవరికో ఇచ్చెయ్యాలి. డీడీతో డ్రైవంతా ఒకసారి సున్నాలు, ఒకసారి యురాండమ్ నుంచి తెచ్చిన చెత్త, రెండూ రాసి, ఆ తర్వాత ఫోటోరెక్ నడిపి ఏమీ దొరకలేదని చూసుకుని, అప్పుడు ఫార్మాటు చేసి ఇవ్వండి. 16 జీబీ డ్రైవైతే ఓ సినిమా చూసేలోపు అవుతుంది. అందులో ఇంటి దస్తావేజుల స్కాన్లూ, బ్యాంకు కాయితాలూ ఉన్నాయంటే మాత్రం అసలు ఇవ్వకండి, కొత్త డ్రైవు నాలుగొందలకి వస్తుంది. పాతదాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, ప్లాస్టిక్ తొడుగు విప్పి, లోపల ఉన్న నల్ల చిప్పుని రోకలిబండతో కొట్టండి. యూఎస్‌బీ మూతి వంకర పోతే సరిపోదు, చిప్పు ముక్కలవ్వాలి.